నేరం రుజువైతేనే చదువా?

జైల్లో ఉండి డిగ్రీ తెచ్చుకున్న ఖైదీ గురించి మన పత్రికలు రాసే వార్త ఒకటుంటుంది. బంగారు పతకం, పక్కన జైలు అధికారి, కింద 'పరివర్తన' అనే మాట. చదువుకున్న మనిషితో నాకు పేచీ లేదు. ఆ పట్టా వెనక ఎన్ని రాత్రుల కష్టముందో ఊహించగలను. పేచీ ఆ మాటతోనే. పరివర్తన అనాలంటే ముందు నేరం రుజువై ఉండాలి. రుజువు కానివాడు దేని నుంచి మారాలి? అతని చదువుకు మన దగ్గర పేరే లేదు.

2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నలుగురిలో ముగ్గురు. జనాభాలో 14.2 శాతమున్న ముస్లింలు 2019లో శిక్షపడిన వాళ్లలో 16.6 శాతం, విచారణ ఖైదీల్లో 18.7 శాతం. శిక్ష దగ్గర కంటే అనుమానం దగ్గర మనవాళ్లు ఎక్కువగా ఉన్నారన్నమాట. దళితులు రెండు చోట్లా సుమారు 21 శాతం. ఈ బాధ మనొక్కరిదే అనుకునే సాయిబులు ఈ అంకె కూడా చూడాలి.

జైలు చదువుల విధానమేమో శిక్ష పడ్డవాడిని ఎదురుగా పెట్టుకుని తయారైంది. 1994లో ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ తీహార్‌లో కేంద్రం తెరిచింది. 1982లోనే పుట్టిన మన అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ద్వారా ఇక్కడి ఖైదీలూ పట్టాలు పొందారు. మంచిదే. శిక్షాకాలం తెలిసినవాడు మూడేళ్ల బీఏకి లెక్క వేసుకుంటాడు. విచారణ ఖైదీకి రేపు బెయిలొస్తుందో పదేళ్లు పడుతుందో తెలీదు. పైగా అతను అప్పటికే ఏదో కాలేజీలో చదువుతూ ఉండొచ్చు. సగంలో ఆగిన ఇంజనీరింగు పోస్టులో వచ్చే పుస్తకాలతో పూర్తవుతుందా? ల్యాబ్ ఎక్కడ?

కోర్టుల్లో కూడా ఈ తేడా కనిపిస్తుంది. 2023లో కేరళ హైకోర్టు, హత్య కేసుల్లో శిక్షపడిన ఇద్దరు ఖైదీలు ఆన్‌లైన్‌లో లా క్లాసులు వినడానికి ఒప్పుకుంది. న్యాయమైన తీర్పు. మరుసటేడు బొంబాయి హైకోర్టు, భీమా కోరేగావ్ కేసులో విచారణ ఖైదీగా ఉన్న మహేశ్ రౌత్‌ను లా కాలేజీలో చేరనిచ్చింది గానీ, ఆ పేరుతో హాజరు మినహాయింపు అడగడానికి వీల్లేదంది. సీటుంది, క్లాసుకు పోవడానికి కాళ్లు లేవు. విశాఖ జైల్లోని నక్సలైట్ ఖైదీల కేసులో సుప్రీంకోర్టు 1974లోనే చెప్పింది, జైల్లో పడ్డంత మాత్రాన ప్రాథమిక హక్కులన్నీ పోవని. యాభై ఏళ్లు దాటినా చదువు విషయంలో అది ఎవరికి వారు కోర్టుకెక్కి తెచ్చుకోవాల్సిన దయగానే ఉంది.

హైదరాబాదు సంగతికొద్దాం. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. తర్వాత పాతబస్తీ నుంచి పట్టుకుపోయిన కుర్రాళ్లలో ఇంజనీరింగు, యునానీ వైద్యం చదివేవాళ్లున్నారు. కేసులు నిలవలేదు. ప్రభుత్వం కొందరికి మూడేసి లక్షలు, కొందరికి ఇరవయ్యేసి వేలు ఇచ్చింది, నిర్దోషులని సర్టిఫికెట్లూ ఇచ్చింది. ఆ పరిహారాన్ని 2013లో హైకోర్టు కొట్టేసింది. పరిహారం సంగతి అలా ఉంచండి. నిర్దోషి అని కాగితం ఇచ్చిన సర్కారు, ఈ పిల్లవాడు ఏ క్లాసులో ఉండగా ఎత్తుకుపోయామో ఆ క్లాసులో కూర్చోబెడతామని ఎందుకనలేదు? ఢిల్లీ మహమ్మద్ ఆమిర్ ఖాన్ 1998లో ఇరవయ్యేళ్లవాడు. బయటికొచ్చింది 2012లో. ఒక మనిషి చదువుకునే వయసంతా అందులోనే పోయింది.

2006లో సచార్ కమిటీ లెక్కప్రకారం ఇరవయ్యేళ్లు దాటిన ముస్లింలలో డిగ్రీ గానీ డిప్లొమా గానీ ఉన్నవాళ్లు నాలుగు శాతం లోపే. అలాంటి బస్తీలో ఒక్కడు బీటెక్ దాకా పోయి జైలుపాలైతే, పక్కింటి అబ్బా తన కొడుకుని ఇంటర్‌తోనే మెకానిక్ షెడ్డులో పెడతాడు. పెడితే తప్పు పట్టగలమా?

సెక్యులర్ మిత్రులు బెయిల్ కోసం నిలబడతారు, సంతకాలు చేస్తారు. ఆ రుణం మరువం. కానీ బెయిలొచ్చాక వాళ్ల పని అయిపోతుంది. మన పెద్దలు వకీలు ఫీజుకు చందాలేస్తారు. కాలేజీ ప్రిన్సిపాల్ దగ్గరికి మాత్రం ఎవరూ పోరు. ఆ గుమ్మం ముందు అమ్మీ ఒక్కతే నిలబడుతుంది, చేతిలో కోర్టు కాగితంతో.

అడగాల్సింది పెద్ద కోరికేం కాదు. విచారణ సాగినన్నాళ్లు సీటు పోకూడదు. జైలు నుంచి పరీక్ష రాయడానికి ప్రతిసారీ పిటిషన్ వేయాల్సిన పని ఉండకూడదు. విడుదలయ్యాక అదే కాలేజీలో, అదే ఏడాదిలో చేర్చుకోవాలి. ఇవి రూల్సులో రాయాలి. మన ఇంజనీరింగు కాలేజీల్లో 75 శాతం హాజరుండాలి. జబ్బు చేసిందని డాక్టరు కాగితం తెస్తే 65 దాకా చూసీచూడనట్టు పోతారు. పోలీసులు పట్టుకుపోయి, తర్వాత కోర్టు నిర్దోషి అన్న పిల్లవాడు తెచ్చే కాగితానికి ఆ రూల్సులో ఒక్క గడి కూడా లేదు.