మాహాత్మ్యకావ్యములలో జలదర్శనము: శేషాచల తీర్థములు

ప్రాచీనాంధ్రకవులు ప్రకృతిని ప్రకృతికొఱకై చూడలేదనియు, కొండను వర్ణించినను ఏటిని వర్ణించినను పురాణదృష్టితోడనే వర్ణించిరనియు ఒక యభిప్రాయము భావకవిత్వోద్యమ కాలమునుండి మన విమర్శలో పాతుకొనియున్నది. ఈ యాక్షేపణ మాహాత్మ్యకావ్యములపై మఱింత గట్టిగా వినవచ్చును. తిరుపతి చిత్తూరు ప్రాంతము ఇందులకు మంచి పరీక్షాస్థలము. తెలుగుదేశమున ఇన్ని జలధారలును, వానిని గూర్చి యింత మాహాత్మ్యవాఙ్మయమును ఒక్కచోట కూడియుండుట యరుదు. ఆ యాక్షేపణలో సత్యమెంత, అసత్యమెంత యని తూచి చూచుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

మొదట లక్షణగ్రంథముల సంగతి. మహాకావ్యమున ఉండదగిన వర్ణనములను దండి పేర్కొనినాడు. నగరము, సముద్రము, పర్వతము, ఋతువులు, చంద్రసూర్యోదయములు, ఉద్యానము, జలక్రీడ మున్నగున వందున్నవి. సముద్రమునకు స్థానమున్నది గాని జలపాతమునకు ప్రత్యేకస్థానము లేదు. అది పర్వతవర్ణనమున నొక యంగముగా, ‘నిర్ఝరము’ అను మాటతో, ఒకటి రెండు పద్యములలో వచ్చి పోవును. జలక్రీడలో నీరున్నను అక్కడ కవి చూపు నీటిపై గాక నీట నాడెడి స్త్రీలపై నిలుచును. కావున ప్రబంధకవి జలపాతమును విస్తరింపలేదన్నచో అది యాతని కనులలోని లోపము గాదు; ఆతడు చేపట్టిన ప్రణాళికలో దానికి చోటు చాలలేదు. మాహాత్మ్యకావ్యములు ఈ ప్రణాళికకు వెలుపలివి. వానికి తీర్థమే వస్తువు. కావున వానిని ప్రబంధముల కొలతతో కొలుచుట న్యాయము గాదు.

కావ్యములకు ముందు ఈ ప్రాంతపు స్థలనామములను పరికింపవలెను. అవియును వాఙ్మయమే. నెరబైలు చెంతనున్న తలకోన, నారాయణవనము దాపునగల కైలాసకోన, పుత్తూరు సమీపమున సదాశివకోన: వీని పేరులలో ‘కోన’ యున్నది. వరదయ్యపాళెము వైపున ఉబ్బలమడుగు కలదు. తిరుమలపై ఆకాశగంగ, పాపవినాశనము, తుంబురుతీర్థము, కుమారధార, దిగువను కపిలతీర్థము. ‘కోన’ యనగా కొండల నడిమి యిఱుకుతావు, నీరు వచ్చు మార్గము. ‘మడుగు’, ‘గుండము’ అనునవి నీరు నిలుచు తావులు. ‘తీర్థము’ మనుష్యుడు నీటిలోనికి దిగు తావు. దాటుట యను నర్థముగల ధాతువునుండి పుట్టిన మాట యది. తలకోనలో నీరు సుమారు 270 అడుగుల యెత్తునుండి పడుచున్నది. ఆంధ్రప్రదేశమున నంతకంటె నెత్తైనది లేదందురు. అయినను ఆ పేరులో పడుట యను మాట లేదు. నీరు పడుటను పేరుగా నిలిపిన తావులు కొద్ది. పలమనేరు ప్రాంతమున కైగల్ చెంతనున్న ధారకు జనులు పెట్టుకొనిన ‘దుముకురాళ్లు’ అను పేరు అట్టివానిలో నొకటి. ఇందువలన మేము గ్రహించిన దేమనగా, ఈ ప్రాంతపు జనులకు జలధార ప్రధానముగా చూడదగిన వస్తువు కాదు. అది చేరవలసిన చోటు, దిగవలసిన నీరు.

కావ్యములును స్థలకథలును ఈ దృష్టినే పెంచినవి. తిరుమలనంబి కథను చూడుడు. ఆతడు దినదినము పాపవినాశనమునుండి స్వామి యభిషేకమునకు కడవతో నీరు మోసికొని వచ్చెడివాడనియు, స్వామి వేటకాని వేషమున దాహమడిగి, కడవకు బాణమువేసి నీరు త్రావి, పిదప కొండను బాణముతో కొట్టి దగ్గఱలోనే ఆకాశగంగను పుట్టించెననియు ఐతిహ్యము. ‘తన్నీరముదు’ ఉత్సవము నేటికిని ఆ కథను స్మరింపజేయుచున్నది. ఈ కథలో ధార యొక్క తెల్లదనము లేదు, ఘోష లేదు. ఉన్నది దూరము, ముసలివాని భుజము, కడవ బరువు. ఒక జలధార మఱియొక జలధారకంటె దేవాలయమునకు దగ్గఱ యను భూగోళసత్యము ఇక్కడ కరుణారసముగా మాఱినది.

ధూర్జటి శ్రీకాళహస్తిమాహాత్మ్యమున తిన్నడు సువర్ణముఖి నీటిని పుక్కిట పట్టి తెచ్చి శివలింగముపై నుమియును. విల్లమ్ములొక చేతను మాంసపు దొప్ప యొక చేతను ఉన్నవానికి నోరు దప్ప వేఱు పాత్ర లేదు. సువర్ణముఖిని అగస్త్యుడు తెచ్చెనని స్థలపురాణము చెప్పును. అగస్త్యుని తపస్సువలన వచ్చిన నది తిన్నని పుక్కిటిలో నిమిడినది. నదిని వర్ణించు పద్యము లెన్నియున్నను, ఆ నీటి విలువ పాఠకునకు తెలియునది యీ ఘట్టముననే యని మా మతము.

తాళ్లపాక చిన్నన్న రచించిన అన్నమాచార్య చరిత్రమును వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1949లో పీఠికతో వెలువరించిరి. బాలుడైన అన్నమయ్య తిరుమల కేగి, తీర్థములాడి, తడిసిన వస్త్ర మాఱులోపల శతకము చెప్పెనని ప్రసిద్ధి. ఇక్కడ కాలమునకు కొలత తడిబట్ట. భుజము, నోరు, బట్ట: ఈ మూడు కథలలోను నీరు కంటికంటె దేహమునకే ముందు తెలిసినది. దీనిని ప్రకృతిదర్శనము కాదనుట యెట్లు? దర్శనమునకు కన్నొక్కటే సాధనమను నియమము మన కెవరు పెట్టిరి?

తుంబురుతీర్థ కథ ఇంకను లోతైనది. దీనికి ఘోణతీర్థమనియు పేరు. మాఘస్నానమునకు రానని పలికిన భార్యను తుంబురుడు శపింపగా, ఆమె యా తీర్థము చెంతనే నీరులేని చెట్టుతొఱ్ఱలో కప్పయై పడియుండి, అగస్త్యుడు శిష్యులకు తీర్థమహిమ చెప్పుచుండగా విని శాపమోక్షము పొందెనని స్కాంద పురాణాంతర్గతమగు వేంకటాచలమాహాత్మ్యము. నీటిప్రక్క నీరులేని తొఱ్ఱ, దానిలో నీటిప్రాణి! రాయలసీమవాని కీ కల్పన యర్థమగుటకు వ్యాఖ్యాన మక్కఱలేదు. వాయల్పాటి సమీపమందలి తరిగొండ గ్రామమున జనించి, వేంకటాచలమాహాత్మ్యమును తెనుగున రచించిన వెంగమాంబ (1730–1817) ఈ తుంబురుకోనలో చాలకాలము తపస్సు చేసెనని ప్రసిద్ధి. కోనలో నివసించి కోనను గూర్చిన మాహాత్మ్యము వ్రాసిన కవయిత్రిని గూర్చి, ‘ప్రకృతిని చూడలేదు’ అనుటకు మునుపు మన విమర్శకులు ఆ కోనత్రోవను నడచి చూచుట మంచిది.

తీర్థముల ముక్కోటి దినములను వరుసగా పెట్టి చూచినచో ఇంకొక విశేషము గోచరించును. చక్రతీర్థమునకు కార్తిక శుద్ధ ద్వాదశి, కపిలతీర్థమునకు కార్తిక పూర్ణిమ, రామకృష్ణతీర్థమునకు పుష్యపూర్ణిమ, కుమారధారకు మాఘపూర్ణిమ, తుంబురుతీర్థమునకు ఫాల్గునపూర్ణిమ. ఈ ప్రాంతమునకు ఈశాన్య ఋతుపవనములు అక్టోబరునుండి డిసెంబరువఱకు వర్షమునిచ్చును. కార్తికమున వాగులు పొంగియుండును; అప్పటి పర్వములు కొండదిగువను, ఆలయమునకు చేరువను ఉన్న తీర్థములవి. వాగులు తగ్గి యడవిత్రోవలు నడువ వీలగుకొలది పర్వములును లోపలి కోనలకు సాగినవి. ఫాల్గునమున బయటి యేఱు లెండుచున్నను, ఇఱుకైన తుంబురుకోనలో నీరు నిలిచియుండును. పంచాంగమును కూర్చినవారు దీనిని బుద్ధిపూర్వకముగా చేసిరని మేము నిర్ణయింపజాలము. కాని యీ వరుస కొండనీటి నడకతో నింతగా సరిపోవుట కాకతాళీయమని త్రోసివేయుటయు తగదు. శతాబ్దుల పరిశీలన దీనిలో నిక్షిప్తమై యున్నదని మా యూహ.

ఇంతమాత్రమున మాహాత్మ్యకావ్యములు నిర్దుష్టములని మేము చెప్పుట లేదు. వానిలో పెద్దదోషము ఫలశ్రుతి. ప్రతి తీర్థమును సకలపాపములను హరించును. ప్రతి స్నానమును సమస్త యజ్ఞఫలమునిచ్చును. పేరు మార్చినచో ఒక తీర్థపు పద్యము వేఱొక తీర్థమునకు సరిపోవును. విశేషమును చెప్పవలసిన చోట సామాన్యమును చెప్పుట కవిత్వమునకు మృత్యువు. ఆకాశగంగకును పాపవినాశనమునకును భేదమును తిరుమలనంబి కడవ చెప్పినది గాని ఫలశ్రుతి చెప్పలేదు. ఆక్షేపణలోని సత్యాంశ మిది. కథ నడచునంతవఱకు తీర్థము సజీవము. ఫలము చెప్ప మొదలిడగానే నీరు ఇంకిపోవును.

భావకవులు కన్నును మఱల తెఱచిరి. విశ్వనాథవారి కిన్నెరసాని పాటలలో వాగు దుఃఖిని యగు స్త్రీయై ప్రవహించినది. కాని అదియు ఒక మాహాత్మ్యమే. దేవతకు బదులు హృదయము వచ్చినది. రాయలసీమ కవియగు విద్వాన్ విశ్వము ‘పెన్నేటి పాట’లో నీరులేని యేటినే కావ్యవస్తువుగ చేసినాడు. నీటి లేమిని గూర్చిన యీ కావ్యమును, నీటి మహిమను గూర్చిన మాహాత్మ్యములను కలిపి చదువనిచో సీమసాహిత్యము సగమే తెలియును. కఱవునేల గనుకనే ధార తీర్థమైనది. 2021 నవంబరులో కపిలతీర్థమున ఉప్పొంగిన నీరు, తిరుమల నడకదారిపై నేఱై పాఱిన వఱద, మూడవముఖమును చూపినవి. భయంకరమగు ఈ నీటికి మన కావ్యభాష ఇంకను చాలియుండలేదు.

నేడు పాపవినాశనమున జలాశయపు నీరు స్నానార్థులకు ధారలుగా విడువబడుచున్నది. కోనలకు సెలవుదినముల యాత్రికులు వాహనములలో వచ్చి, చూచి, ఛాయాచిత్రములు తీసికొని పోవుచున్నారు. చూచుటను మేము నిందింపము. అదియు నొక దర్శనమే. కాని నామఫలకములపై ‘వాటర్ ఫాల్స్’ అను నొక్క మాట అన్ని తావులకును పడుచున్నది. ‘దుముకురాళ్లు’ను ‘కైగల్ వాటర్ ఫాల్స్’ కప్పివేయుచున్నది. ఫలశ్రుతి చేసిన దోషమునే యీ ఫలకములును చేయుచున్నవి: విశేషమును చెఱిపి సామాన్యమును నిలుపుట. పరిశోధక విద్యార్థులు కావ్యమును చేతబట్టి కోనలకు పోయి, మడుగు మడుగునకు, బండ బండకు అక్కడి పశుల కాపరులును, యానాదులును వాడెడి పేరులను వ్రాసికొని, వానిని కావ్యపదములతో పోల్చవలెను. ఈ పని కిప్పటికే ఆలస్యమైనది. పేరు పోయిన పిదప ధార పడుచునే యుండును గాని, అది మన భాషలో పడదు.