వాడ లేని ఊరు

నగరంలో టికెట్ పెట్టి చూపించే ఒక 'పల్లె'లో గైడు వెంట తిరిగాం. కుమ్మరి సారె, సాలె మగ్గం, కమ్మరి కొలిమి చూపించి, "ఇదే సార్ మన పూర్వీకుల ఊరు" అన్నాడు. మరి మా వాడ ఏదయ్యా? మోటకు తోలు బొక్కెన కుట్టిందెవరు? చచ్చిన గొడ్డును మోసిందెవరు? వాడను తీసేస్తే అంటరానితనమూ మాయమవుతుంది. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ తిరస్కరించింది ఈ పల్లె పూజనే.

అట్లాగని ఓ గుడిసె, రెండు మట్టిబొమ్మలు చేరిస్తే సరిపోతుందా? అమెరికాలో కలోనియల్ విలియమ్స్‌బర్గ్ ఉంది. 18వ శతాబ్దంలో ఆ పట్నంలో సగం మంది నల్లవాళ్లే. 1926లో దాని పునరుద్ధరణ మొదలైతే, నల్ల కళాకారులు బానిసల కథ చెప్పే కార్యక్రమం 1979లో గాని రాలేదు. 1994 అక్టోబరులో అక్కడ బానిసల వేలం ప్రదర్శించారు. మా గాయాన్ని వినోదం చేస్తారా అని పౌరహక్కుల సంఘాలవాళ్లు నిలదీశారు. ఆ ప్రదర్శన నడిపిందీ, వేలంలో నిలబడిందీ నల్ల మహిళే, క్రిస్టీ కోల్‌మన్. గాయపడ్డవాళ్ల మధ్యనే ఆ తగాదా నడిచింది.

మేం తిరిగిన పల్లెలో ఆ తగాదాకి కూడా చోటు లేదు. వాడను కట్టినంత మాత్రాన చాలదు. ఊరి కథ చెప్పే నోరు కూడా వాడదై ఉండాలి.