హాలు కూడా రికార్డు కావాలి

వాషింగ్టన్ నగరపు రాక్ బ్యాండు ఫుగాజీ 1987 నుంచి 2002 దాకా వెయ్యికి పైగా కచేరీలు చేసింది. వాటిలో 800కు పైగా కచేరీలను వాళ్ల సౌండ్ ఇంజనీర్లే రికార్డు చేసి దాచారు. 2011 నుంచి డిస్కార్డ్ రికార్డుల సంస్థ వాటిని వరుసగా విడుదల చేసింది. తీగలు శ్రుతి చేసుకోవడం, పాటల మధ్య ప్రేక్షకులతో వాగ్వాదాలు, తడబాట్లు అన్నీ అలాగే ఉంచారు. ఆల్బమ్‌లు ఉండగా ఇన్ని రాత్రుల మోత ఎవరికి కావాలని అడగొచ్చు. ఆల్బమ్ పాట ఎలా ఉందో చెబుతుంది. అది ఎలాంటి హాల్లో, ఎలాంటి జనం ముందు, ఏ ఏడాదికి ఎలా మారిందో చెప్పదు. స్టూడియో ఖర్చు భరించలేని ఊరి బ్యాండుకైతే చాలాసార్లు ఆల్బమే ఉండదు, కచేరీ రికార్డింగే మిగులుతుంది. అందుకే దాన్ని హాలుతో సహా పట్టుకోవాలంటాను.

కొత్తగా రికార్డింగుకు దిగినవాళ్లు ముందు వేదిక మీది ధ్వనులను కలిపే మిక్సర్ నుంచి ఒక వైరు లాగి రికార్డర్‌కి తగిలిస్తారు. చిన్న హాల్లో ఇది దెబ్బ తీస్తుంది. డ్రమ్స్, గిటార్ యాంపులు అక్కడ నేరుగానే చెవికి చేరతాయి కాబట్టి ఇంజనీరు స్పీకర్లలోకి ప్రధానంగా గొంతునే పంపుతాడు. ఆ వైరులో దొరికేదీ అదే: గొంతు మీదికొచ్చి పడుతుంది, డ్రమ్స్ పక్క వీధిలో మోగుతున్నట్టుంటాయి. కనుక హాల్లో రెండు మైకులు పెట్టక తప్పదు. ఫ్రెంచ్ రేడియో ఇంజనీర్ల పద్ధతి ఇప్పటికీ నమ్మకమైనది: ముందువైపు శబ్దాన్ని ఎక్కువగా అందుకునే రెండు మైకులను 17 సెంటీమీటర్ల ఎడంతో, 110 డిగ్రీల కోణంలో బిగిస్తారు. ఆ ఎడం దాదాపు మన రెండు చెవుల మధ్య దూరం. స్టాండు జనం తలల కంటే ఎత్తుగా ఉండాలి, లేదంటే మనుషుల ఒళ్లే సన్నని ధ్వనులను మింగేస్తాయి. మరీ వెనక్కి జరిగితే ప్రతిధ్వనిలో మాటలు కరిగిపోతాయి. తర్వాత మైకుల ట్రాక్‌నీ మిక్సర్ ట్రాక్‌నీ కలిపేటప్పుడు ఒక లెక్క ఉంది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. వేదికకు 17 మీటర్ల దూరంలోని మైకుకు 50 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. మిక్సర్ ట్రాక్‌ను ఆ మేరకు ఆలస్యం చేయకపోతే ప్రతి డ్రమ్ దెబ్బా రెండుసార్లు వినిపిస్తుంది. సెకనుకు 25 ఫ్రేములు తీసే కెమెరాలో ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు, అంటే ఆ ఆలస్యానికి బొమ్మా ధ్వనీ కూడా ఒక ఫ్రేముకు పైగా తప్పుతాయి. మొదట్లో వేదిక మీద ఒక్క చప్పట కొట్టించి దాన్ని గుర్తుగా పెట్టుకుంటే ఈ తంటా తగ్గుతుంది. ఫోన్లలో ధ్వని స్థాయిని తనంతట తానే సర్దే ఏర్పాటుంటుంది. అది నెమ్మది ఘట్టంలో జనం గుసగుసలను పెంచి, డ్రమ్ దెబ్బ పడగానే పాట గొంతు నొక్కుతుంది, వీలుంటే ఆపేయాలి. ఇక కెమెరా సంగతి: వేదిక మొత్తం కనిపించేలా ఒకటి కదలకుండా ఉండాలి. గాయకుడి ముఖాన్నే పట్టుకుంటే పాటను నడిపిస్తున్న బేస్ గిటార్ చేయి ఎన్నటికీ కనపడదు.

గ్రేట్‌ఫుల్ డెడ్ బ్యాండు 1977 మే 8న కార్నెల్ యూనివర్సిటీ బార్టన్ హాల్లో చేసిన కచేరీ టేపు మిక్సర్ నుంచి తీసిందే కదా, అమెరికా జాతీయ రికార్డింగుల జాబితాలోకి కూడా ఎక్కింది కదా అని వాదించేవారున్నారు. నిజమే. కానీ అంత పెద్ద హాల్లో గొంతుతోపాటు వాద్యాలనూ మిక్సర్ గుండానే పంపాలి. పైగా బెట్టీ కాంటర్-జాక్సన్ లాంటి నిపుణురాలు ఆ టేపు పని చూసింది. ఇరవై అడుగుల గదికి ఆ ఉదాహరణ అతకదు. మరో అభ్యంతరం దీనికంటే బరువైనది: ఇలా రికార్డు చేయడం కళాకారుల కష్టాన్ని దోచుకోవడం కాదా? అదే బ్యాండు 1984లో రికార్డు చేసుకునేవారికి హాల్లో విడిగా చోటిచ్చింది. పంచుకోవచ్చు, అమ్ముకోకూడదన్నది షరతు. దాని టిక్కెట్లకు గిరాకీ తగ్గలేదు. అయితే ఆ స్థాయి బ్యాండుకు చెల్లింది ఊరి బ్యాండుకు చెల్లుతుందని అనుకోలేం. ఇంకా విడుదల చేయని పాటనో, గొంతు పోయిన రాత్రినో బయట పెట్టొద్దంటే పెట్టకూడదు. దాచడానికీ విడుదల చేయడానికీ వేర్వేరుగా అనుమతి అడగడం మర్యాద.

మన డప్పు బృందాలకు ఈ పద్ధతి మరింత అవసరం. చర్మాన్ని మంట దగ్గర కాచి బిగిస్తారు, వాయించే కొద్దీ అది సడలి నాదం దిగుతుంది, మళ్లీ కాస్తారు. మూడు నిమిషాల ముక్కగా కత్తిరించిన వీడియోలో ఈ హెచ్చుతగ్గులు ఉండవు. డప్పు ఎప్పుడూ ఒకే స్థాయిలో మోగుతుందని చూసేవాడు నమ్ముతాడు. మొదటిసారి కాచినప్పటి నుంచి ఆపకుండా తీస్తే విద్య బయటపడుతుంది. ఇంకొకటి, కరపత్రం మీద ఇలాంటి వాద్యకారుల పేర్లు కనిపించడం అరుదు. మైకులు విప్పకముందే తేదీ, ఊరు, ఎవరెవరు ఏ వరుసలో నిలబడి వాయించారో వాళ్ల నోటితోనే చెప్పించి అదే ఫైల్లో రికార్డు చేసుకోవాలి.