తెరపై వ్యాయామం – నేలపై ఆట: కౌమార ప్రేరణ గురించి ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
కోవిడ్ కాలంలో తెర మీదికి వచ్చిన వ్యాయామవిద్య కౌమారప్రాయంలోని పిల్లలను చురుకుగా ఉంచగలదా అన్నది ఈ వ్యాసం చర్చించే ప్రశ్న. తెలుగు ఆటల పదజాలం ఆధారంగా, గోదావరి డెల్టా నేపథ్యంలో ఈ ప్రశ్నను పరిశీలించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: వ్యాయామవిద్య, ఆన్‌లైన్ బోధన, కౌమారం, ప్రేరణ, చెడుగుడు, గోదావరి డెల్టా.

1. ప్రస్తావన:
2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిది, పది తరగతులు తిరిగి మొదలైనది ఆ ఏడాది నవంబరు 2న. ఈ మధ్యకాలంలో పాఠాలు దూరదర్శన్ సప్తగిరి ద్వారా ఇళ్ళకు చేరాయి. వ్యాయామవిద్య కూడా తెరనే ఆశ్రయించింది. ఎన్.సి.ఇ.ఆర్.టి. ఆ ఏప్రిల్‌లో వెలువరించిన ప్రత్యామ్నాయ విద్యా క్యాలెండరులో యోగాకు, వ్యాయామానికి చోటు దక్కింది. అదే నెలలో ఫిట్ ఇండియా, సి.బి.ఎస్.ఇ. కలిసి సామాజిక మాధ్యమాలలో ప్రత్యక్ష వ్యాయామ శిక్షణ ప్రారంభించాయి. ఆపత్కాలంలో ఇవి అవసరమైన ప్రయత్నాలే. అయితే ‘వీడియో చూపిస్తే వ్యాయామం నేర్పినట్లే’ అనే భావన ఆపత్కాలంతో పాటు ముగిసిపోలేదు. విమర్శకు నిలపవలసింది ఈ భావననే.

5 నుండి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. 2019లో లాన్సెట్ చైల్డ్ అండ్ అడోలసెంట్ హెల్త్ పత్రిక ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 2016 నాటికే ప్రపంచంలో 11–17 ఏళ్ళ వారిలో 81 శాతం మందికి ఆపాటి శ్రమ లేదు. బాలురలో ఇది 78 శాతం, బాలికలలో 85 శాతం. కనుక ఈ నిశ్చలత కోవిడ్‌తో పుట్టినది కాదు. అంతకుముందే ఉన్న సమస్యకు తెర పరిష్కారమా, కాదా అన్నదే ఆలోచించదగినది.

2. ‘చేయు’ – ‘ఆడు’:
తెలుగులో వ్యాయామం ‘చేస్తాం’, ఆట ‘ఆడతాం’. ఈ క్రియాభేదంలో మన ప్రశ్నకు కొంత సమాధానం ఉంది. దండెం తీయడానికైనా, ఆసనం వేయడానికైనా ఒక్క కర్త చాలు. ఆటకు ఎదుటివాడు కావాలి. బొంగరం వంటి ఒంటరి ఆటలు లేకపోలేదు. కానీ వాటిలోనూ పిల్లలు పందెం కట్టి మరొకరిని చేర్చుకుంటారు.

చెడుగుడునే తీసుకుందాం. గీత దాటినవాడు కూత ఆపకూడదు. ఆ కూత ఆగిందో లేదో తేల్చేది ఎదుటి జట్టు చెవి. అంటే ఊపిరికి కొలమానం మరొక మనిషి. ఆటకు ముందు పంటలు వేసుకోవడం, నడుమ ‘తొండి’ అని గొడవపడటం, మళ్ళీ రాజీపడి ఆట కొనసాగించడం – ఇవన్నీ శరీరాన్ని కదిలించే కారణాలు. తెరపై పాఠం కదలికను చూపగలదు గాని ఈ కారణాలను సమకూర్చలేదు. ‘చేయు’ అన్నది తెరకెక్కుతుంది, ‘ఆడు’ అన్నది నేలమీదే మిగిలిపోతుంది.

3. ప్రేరణ – ‘ఆటలో అరటిపండు’:
డెసి, రయన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన స్వయంనిర్ణయ సిద్ధాంతం ప్రకారం, లోపలి నుండి ప్రేరణ నిలవాలంటే మూడు అవసరాలు తీరాలి. అవి తన ఇష్టంతో చేస్తున్నాననే భావం, చేయగలననే నమ్మకం, తోటివారితో అనుబంధం. ఆన్‌లైన్ తరగతిలో హాజరు కోసం కదిలే విద్యార్థికి మొదటిది అందదు. భంగిమ సరిదిద్దే చేయి లేనిచోట రెండవది బలహీనపడుతుంది. మూడవది దాదాపు లేనట్లే.

మన నుడికారంలో ‘ఆటలో అరటిపండు’ అనే మాట ఉంది. పసివాణ్ణి ఆటలో చేర్చుకుంటారు కాని లెక్కలోకి తీసుకోరు. పల్లెలో అది మెట్టు మాత్రమే. ఏడాది తిరిగేసరికి ఆ పసివాడు జట్టులో అసలు ఆటగాడవుతాడు. తెరముందు విద్యార్థి కూడా అరటిపండే. అతడు ఔటవడు, గెలవడు, అతని గైర్హాజరుతో ఏ జట్టూ ఓడదు. తేడా ఏమిటంటే, ఇక్కడ పై మెట్టు లేదు.

4. ఎదురువాదం:
అయినా తెరను పూర్తిగా తోసిపుచ్చడం న్యాయం కాదు. రజస్వల అయిన తరువాత మైదానానికి దూరమయ్యే బాలికలు మన ఊళ్ళలో ఎందరో. లావని, పొట్టి అని పదిమందిలో వెక్కిరింపుకు గురయ్యే పిల్లలూ ఉన్నారు. వీరికి నాలుగు గోడల నడుమ వీడియో చూస్తూ చేసే వ్యాయామం భయం లేని తొలి అడుగు కాగలదు. 2022 జూలై నాటి వంటి గోదావరి వరదల్లో కోనసీమ లంకలు నీట మునిగినప్పుడు మైదానమే ఉండదు. అయితే ఈ వాదం కూడా ఒక విషయాన్ని ఒప్పుకుంటుంది. బాలికకు తెర నచ్చడానికి కారణం తెర గొప్పతనం కాదు, మైదానం ఆమెకు దక్కకపోవడం. తెరతో సరిపెట్టుకుంటే ఆ అన్యాయం శాశ్వతమవుతుంది.

5. డెల్టా నేర్పే పాఠం:
అమలాపురంలో వ్యాయామోపాధ్యాయుని ఇంట పుట్టిన సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి 2022లో థామస్ కప్ గెలిచిన భారత జట్టు సభ్యుడు. 2023లో హాంగ్‌జౌలో చిరాగ్ శెట్టితో కలిసి ఆసియా క్రీడల స్వర్ణం సాధించాడు. అతనిది డబుల్స్, అంటే జోడీ లేనిదే లేని ఆట. ఒక్క విజేతను చూపి అందరికీ సూత్రం కట్టలేము. కానీ ఆ ప్రయాణం మొదట్లో ఆట తెలిసిన ఒక పెద్దమనిషి పక్కనే ఉన్నాడన్నది గమనించాలి.

2009 విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలంటుంది. వందమందికి మించి పిల్లలున్న ప్రాథమికోన్నత స్థాయిలో ఆరోగ్య, వ్యాయామవిద్యకు పాక్షికకాల బోధకుడు ఉండాలనీ అంటుంది. కానీ పదవ తరగతి పబ్లిక్ పరీక్షలో వ్యాయామవిద్యకు ప్రశ్నపత్రం లేదు. పరీక్ష దగ్గరపడే కొద్దీ డ్రిల్లు పీరియడును లెక్కలకో, సైన్సుకో ఇచ్చేయడం ఉపాధ్యాయులందరికీ తెలిసినదే. స్థలం, మాస్టారు, సమయం – ఈ మూడింటిలో ఏది కొరవడినా వీడియో ఆ కొరతను కప్పే దుప్పటి అవుతుంది.

6. ముగింపు:
ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:
• ఆన్‌లైన్ వ్యాయామపాఠం కదలికను నేర్పగలదు. ఆడాలనే కోరికను నిలిపేది తోటివారు, ఉపాధ్యాయుడు.
• వీడియో వ్యాయామోపాధ్యాయుని చేతిలో ఉపకరణంగా ఉండాలి, అతని స్థానంలో కాదు.
• బాలికలకు మైదానంలో ప్రత్యేక సమయం, రక్షణ కల్పించిన తరువాతే తెరను అదనపు సౌకర్యంగా లెక్కించాలి.

వ్యాయామవిద్య ఫలితాన్ని హాజరుపట్టీలో వెతకడం పొరపాటు. ఎవరూ చెప్పకుండా, సాయంత్రం బడిగంట తరువాత పిల్లలు తమంతట తాము జట్లు కట్టుకుంటున్నారా అన్నదే దానికి సరైన గీటురాయి.