దుర్గ చూడని రైలు

నవల చదివినవాళ్లు సినిమా చూసి బయటికొస్తూ అనే మొదటి మాట దాదాపు అన్ని భాషల్లోనూ ఒకటే. పుస్తకంలో ఉన్నట్టు లేదు అంటారు. ఆ మాట నిజమే కావచ్చు గానీ దాన్నిబట్టి సినిమా మంచిదో కాదో తేలదు. ఉన్నది ఉన్నట్టు తీస్తే ఏమవుతుందో ఎరిక్ వాన్ స్ట్రోహైమ్ అనే దర్శకుడు హాలీవుడ్‌లో మూకీల కాలంలోనే చూపించాడు. ఫ్రాంక్ నోరిస్ నవల ‘మెక్‌టీగ్’ని (1899) ఆయన ‘గ్రీడ్’ (1924) పేరుతో పేజీ పేజీ తీయబోయాడు. కథ చివర డెత్ వ్యాలీ ఎడారికి చేరుతుంది కాబట్టి నడివేసవిలో యూనిట్ మొత్తాన్నీ అక్కడికే తోలుకెళ్లాడు. తొలి కూర్పు ఎనిమిది గంటలు దాటింది. స్టూడియోవాళ్లు కోసి కోసి రెండు గంటల పైచిలుకు మిగిల్చారు. తీసేసిన ఫిల్ము మళ్లీ దొరకలేదు. తమాషా ఏమిటంటే, అంత పంతం పట్టినవాడు కూడా నవల మొదలయ్యే ముందు కథానాయకుడు గనుల్లో గడిపిన రోజుల్ని తన సొంతంగా పెంచి తీశాడు.

నవలాకారుడి చేతిలో కథకుడి గొంతు ఉంటుంది. పాత్ర మనసులో ఏముందో, పదేళ్లలో ఏం మారిందో ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోతాడు. సినిమాకి ఆ వెసులుబాటు లేదు. వెనకనుంచి వ్యాఖ్యానం వినిపించవచ్చు గానీ, చాలాసార్లు అది బొమ్మ చెప్పలేకపోయినదాన్ని కప్పిపుచ్చడానికే పనికొస్తుంది. కథకుడి వాక్యం చేసిన పనిని తెరమీద ఒక వస్తువో, ఒక గదో, ఒక చప్పుడో చేయాలి. సాహిత్యాన్ని సినిమాగా మలచడంలో కష్టమంతా అక్కడే ఉంది. ఆ పని బాగా తెలిసినవాళ్లు పుస్తకం దారి తప్పిన చోట్లే వాళ్లు ఆ పుస్తకాన్ని ఎంత లోతుగా చదివారో బయటపడుతుంది.

బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ ‘పథేర్ పాంచాలి’ నవల 1929లో పుస్తకంగా వచ్చింది. సత్యజిత్ రే దాన్ని సినిమాగా ఊహించుకోవడానికి ముందు బొమ్మలుగా చూశాడు. 1940లలో ప్రకటనల కంపెనీలో పనిచేస్తూ, పిల్లల కోసం వేసిన దాని సంక్షిప్త ప్రతికి బొమ్మలు గీశాడు. 1955లో సినిమా వచ్చేనాటికి ఆ నవలలో ఏది కంటికి ఆనుతుందో, ఏది ఆనదో ఆయనకి బాగా తెలుసు.

నవలలో అపు, అతని అక్క దుర్గ రైలు పట్టాలు వెతుక్కుంటూ పొలాలకడ్డంపడి పోయి, దారి తప్పి, రైలు చూడకుండానే ఇంటికొస్తారు. జ్వరంతో మంచాన పడ్డ దుర్గ రైలు చూపించమని తమ్ముణ్ని అడుగుతుంది. చూడకుండానే పోతుంది. ఆ చూడకపోవడం పుస్తకమంతటా ముల్లులా గుచ్చుకుంటుంది. సినిమాలో రే రైలు తెప్పించాడు. తెల్లటి రెల్లుపూల వెనక నల్లటి పొగ కదులుతుంటే పిల్లలిద్దరూ పరుగు తీస్తారు. దుర్గ పడిపోయి వెనకబడుతుంది, అపు పట్టాల దాకా చేరతాడు. సినిమాకి మొట్టమొదట తీయబోయింది ఈ రెల్లుపూల దృశ్యమే. వారం తిరిగి వెళ్లేసరికి పశువులు ఆ పూలన్నీ మేసేశాయి, మళ్లీ పూసేదాకా ఆగాల్సి వచ్చింది.

నవలని ప్రేమించినవాళ్లకి ఈ మార్పు అన్యాయంగా తోచవచ్చు. తీరని కోరికని తీర్చేశాడు కదా అనిపిస్తుంది. కానీ ఆ వెంటనే ఏం వస్తుందో చూడాలి. రైలు చూసి తిరిగొస్తున్న పిల్లలకి వెదురు తోపులో వాళ్ల దూరపు బంధువు, ముసలి ఇందిర్ ఠాక్రున్ కూర్చుని కనబడుతుంది. దుర్గ ఆటగా తాకితే పక్కకి ఒరిగిపోతుంది. నవలలో ఈ ముసలామె అపు ఇంకా చంటిబిడ్డగా ఉండగానే చనిపోతుంది. రే ఆమెని అంతకాలం బతికించి తెచ్చింది ఈ రెండింటినీ ఒకే మధ్యాహ్నంలోకి చేర్చడానికే. లోకం ఎంత పెద్దదో చూసొచ్చిన పిల్లలు అదే పూట చావుని చూస్తారు. నవలలో ఎన్నో పేజీల దూరంలో ఉన్నవి సినిమాలో నిమిషాల దూరంలోకి వచ్చాయి.

ఇంకా చిన్న మార్పు ఒకటుంది, నాకు దానిమీదే ఎక్కువ మక్కువ. దుర్గ దొంగిలించిందని పొరుగింటామె నింద వేసిన వస్తువు నవలలో బంగారు కుంకుమ భరిణె. అక్క పోయాక అపుకి అది ఇంట్లో దొరుకుతుంది, వెదురు తోపులోకి విసిరేస్తాడు. సినిమాలో అది పూసల దండ, విసిరేది చెరువులోకి. చెరువు మీద దట్టంగా పరుచుకున్న నాచు, దండ పడగానే చీలి, మెల్లగా మళ్లీ కలిసిపోతుంది. తోపులో పడితే వస్తువు మాయమవుతుంది, అంతే. నీళ్లలో పడితే మాయమవడం కంటికి కనబడుతుంది. అక్క రహస్యాన్ని తమ్ముడు దాచేశాడని చెప్పడానికి ఇక మాట అక్కర్లేదు.

చప్పుడు విషయంలోనూ ఇదే తెలివి. దుర్గ పోయిందని తెలియని తండ్రి ఊరినుంచి వచ్చి కూతురికి తెచ్చిన చీర తీసి చూపిస్తాడు. తల్లి ఏడుపు మనకి వినబడదు. ఆమె నోరు తెరిచిన క్షణాన తార్ షెహనాయ్ అందుకుంటుంది.

రే ఈ పనిని పతాకస్థాయికి తీసుకెళ్లింది ‘చారులత’లో (1964). మూలం రవీంద్రనాథ్ ఠాగూర్ పెద్దకథ ‘నష్టనీడ్’ (1901). పత్రిక పిచ్చిలో పడ్డ భూపతి పక్కనే పెరిగి పెద్దదైన భార్య చారుని గమనించడు. ఠాగూర్ కథకుడు ఈ సంగతిని మొదట్లోనే, కాస్త ఎత్తిపొడుపుగా, నాలుగు వాక్యాల్లో చెప్పేస్తాడు. రే దానికి దాదాపు ఏడు నిమిషాలు తీసుకున్నాడు. నౌకర్ని పిలిచి టీ పంపమనడం తప్ప మాటలు లేనట్టే. చారు రుమాలు మీద భర్త పేరులోని మొదటి అక్షరం కుడుతుంది. పుస్తకాల బీరువా దగ్గరికెళ్లి బంకించంద్రుడి నవల తీస్తుంది. వీధిలో కోతులాడించేవాడి డమరుకం వినబడగానే చేతి దుర్భిణి పట్టుకుని కిటికీ నుంచి కిటికీకి పరిగెడుతుంది. కోతులవాడు, పల్లకీ, గొడుగు పట్టుకుని నడిచిపోయే లావాటాయన ఒకరి తర్వాత ఒకరు ఆ కళ్లద్దంలో పడతారు. ఇంతలో భూపతి చేతిలో పుస్తకంతో వసారాలోంచి ఆమె పక్కగానే నడిచి వెళ్లిపోతాడు, తలెత్తడు. చారు అదే దుర్భిణి ఎత్తి వెళ్లిపోతున్న భర్తని చూస్తుంది. వీధిలో పోయేవాళ్లూ, కట్టుకున్నవాడూ ఆమెకి ఒకే దూరంలో ఉన్నారు.

అక్కడ కుట్టిన రుమాలు ఊరికే పోదు. భార్య మనసు మరిది అమల్ మీద ఉందని తెలిశాక బండిలో ఒంటరిగా తిరుగుతున్న భూపతి కళ్లు తుడుచుకోవడానికి జేబులోంచి తీసేది దాన్నే. ఈ తెలియడాన్ని కూడా రే కుదించాడు. ఠాగూర్ భూపతికి అనుమానం ఎన్నో చిన్న సంగతుల మీదుగా, విదేశం వెళ్లిన అమల్‌కి చారు రహస్యంగా ఇచ్చిన తంతి దాకా, నెమ్మదిగా ముదురుతుంది. సినిమాలో అమల్ ఉత్తరం చేత పట్టుకుని ఏడుస్తున్న చారు భర్త కంటపడుతుంది, అంతటితో సరి.

అప్పట్లో కొందరు బెంగాలీ విమర్శకులు ఠాగూర్ కథని పాడుచేశాడని కోప్పడ్డారు. రే ఊరుకోకుండా వ్యాసం రాసి, మార్పులు ఎందుకు చేశాడో ఒక్కొక్కటిగా వివరించాడు. ఆ పట్టింపు నాకు నచ్చుతుంది. ఆయన దృష్టిలో ప్రతి మార్పుకీ కారణం కథలోనే దొరకాలి.

జపాన్‌లో అకిరా కురొసావా ఇంకా దూరం వెళ్లాడు. ‘రాన్’లో (1985) కింగ్ లియర్ ముగ్గురు కూతుళ్లు ముగ్గురు కొడుకులయ్యారు. అది పెద్ద మార్పేమీ కాదు. అసలైన మార్పు ముసలి రాజుకి గతాన్ని ఇవ్వడం. షేక్‌స్పియర్ లియర్ యౌవనంలో ఎలాంటివాడో నాటకం చెప్పదు. కురొసావా రాజు హిదెతోరా పక్కవాళ్ల కోటలు తగలబెట్టి, కోడళ్ల పుట్టిళ్లని నాశనం చేసి గద్దెనెక్కినవాడు. నాటకంలో గ్లాస్టర్ కళ్లు రంగస్థలం మీదే పెరికేస్తారు. సినిమాలో గుడ్డివాడు రెండో కోడలి తమ్ముడు, ఆ కళ్లు పీకించింది ఒకప్పుడు ఈ రాజే. పిల్లల కృతఘ్నత మీద నడిచే కథ చేసిన పాపం తిరిగొచ్చే కథగా మారింది. మూలాన్ని ఇంతగా కదిపే హక్కు ఎక్కడిదని అడగొచ్చు. లియర్ మీద మన జాలిని కాస్త తగ్గించినా, ఆ పాత్రకి ‘రాన్’ చేర్చిన ప్రశ్న నాటకం మళ్లీ చదివినప్పుడు వదలదు.

మనవాళ్లకి ఈ విద్య కొత్తేమీ కాదు. శరత్ నవలని వేదాంతం రాఘవయ్య ‘దేవదాసు’గా (1953) తీసినప్పుడు కథకుడి గొంతు చేయాల్సిన పనిలో చాలా భాగం పాటకి అప్పగించాడు. దేవదాసు పతనం గురించి శరత్ చెప్పే మాటల బరువుని అక్కినేని ముఖమూ, ఘంటసాల గొంతూ కలిసి మోశాయి. పాటలెందుకని మన సినిమాల్ని వెక్కిరించేవాళ్లు ఈ ఉపయోగాన్ని లెక్కలోకి తీసుకోరు.

తెలుగులో వచ్చిన సాహసం మాత్రం ‘ఒక ఊరి కథ’ (1977). ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథని బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ తెలంగాణ పల్లెకి తెచ్చాడు. మూలకథ కొద్ది పేజీలే. గుడిసె లోపల కోడలు పురిటి నొప్పులతో కేకలు పెడుతుంటే, బయట మామా, మొగుడూ కాల్చిన ఆలుగడ్డలు తింటుంటారు. లోపలికి వెళ్తే తండ్రి ఎక్కువ వాటా తినేస్తాడని కొడుకు భయం. ఆమె పోతుంది, శవవస్త్రం కోసం వసూలైన డబ్బుని ఇద్దరూ తాగేస్తారు. కష్టపడేవాళ్ల బతుకు కూడా ఇంతకన్నా ఏమీ బాగాలేని సమాజంలో వీళ్లిలా అవడంలో వింతలేదని ప్రేమ్‌చంద్ తనే కల్పించుకుని అంటాడు. సేన్ ఆ వ్యాఖ్యని మామ వెంకయ్య నోట పెట్టి, పనిచేసి దొరల్ని మేపడం దండగనే సిద్ధాంతంగా మార్చాడు. వాసుదేవరావు ఆ ముసలివాడిగా ఎంత నమ్మకంగా మాట్లాడతాడంటే, కాసేపు మనం కూడా తల ఊపేస్తాం.

సేన్ చేసిన పెద్ద మార్పు కోడలి విషయంలో. ప్రేమ్‌చంద్ కథలో ఆమె దాదాపు గుడిసె లోపలి మూలుగుగానే మిగులుతుంది. సేన్ ఆమెని నీలమ్మగా, మమతా శంకర్ రూపంలో, వెలుతురులోకి తెచ్చాడు. ఆమె కూలికి వెళ్తుంది, ఇల్లు నిలబెట్టాలని చూస్తుంది, మామతో పోట్లాడుతుంది. దీనివల్ల ఒకటి పోయింది. ‘కఫన్’ చదువుతూ ఆ ఇద్దరి మాటలకి మనం నవ్వుతాం, నవ్వినందుకు మనమీద మనకే రోత పుడుతుంది. ముఖం తెలియని మనిషి చనిపోతోంది కాబట్టే ఆ నవ్వు సాధ్యమైంది. నీలమ్మ చెమట చూశాక ఎవరికీ నవ్వు రాదు. ప్రేమ్‌చంద్ పన్నిన ఆ వల సినిమాలో లేదు. సేన్ దాన్ని తెలిసే వదులుకున్నాడనుకుంటాను. వెంకయ్య సిద్ధాంతం విని తల ఊపిన మనకి ఆ సిద్ధాంతం ఖర్చు ఎవరి ఒంటిమీద పడిందో లెక్క చూపించాలంటే ఆయనకి నీలమ్మ కావాలి. కథనీ సినిమానీ పక్కపక్కన పెట్టుకుంటే నాకు కథే గొప్పగా అనిపిస్తుంది. అయినా ‘కఫన్’ మళ్లీ తెరిచినప్పుడల్లా ఆ మూలుగుకి మమతా శంకర్ ముఖం వచ్చి కూర్చుంటోంది.