పాత స్పోర్ట్ బైకుకు కొత్త వెనక షాక్: ముందు కొలత, తర్వాతే కొనుగోలు

ఏళ్ల తరబడి నడిచిన స్పోర్ట్ మోటారుసైకిల్‌లో ఇంజిన్ అరిగితే పొగ రూపంలోనో చప్పుడు రూపంలోనో వెంటనే బయటపడుతుంది గానీ, వెనక షాక్ అబ్జార్బర్ చాలా నెమ్మదిగా పాడవుతుంది గనుక, నడిపే మనిషి ఒళ్లు ఆ మార్పుకు రోజురోజుకూ అలవాటుపడి, బండి మొదటినుంచీ ఇలాగే ఉండేదని నమ్మేస్తుంది. లోపలి నూనె సారం కోల్పోతుంది, సీళ్లు వదులై గ్యాస్ పీడనం తగ్గుతుంది, స్పీడ్ బ్రేకర్ దాటాక వెనక భాగం రెండు మూడు సార్లు ఊగుతుంది, మలుపులో గతుకు తగిలితే బండి తన గీత వదిలి పక్కకు జరుగుతుంది. ఈ దశలో షాక్ మార్చాలనుకోవడం సబబే. అయితే ఏ షాక్ కొనాలన్న ప్రశ్నకు జవాబు కేటలాగులోనూ ధరల పట్టికలోనూ కాక, ముందు ఆ బండి కొలతల్లోనూ దాన్ని నడిపే మనిషి బరువులోనూ వెతకాలి.

షాక్ అని ఒకే పేరుతో పిలిచే ఈ భాగంలో నిజానికి రెండు వేర్వేరు పనులు జరుగుతాయి. చుట్టూ కనిపించే స్ప్రింగ్ బరువును మోస్తుంది. లోపల ఉండే డ్యాంపర్, అంటే నూనెను సన్నని దారుల గుండా నెట్టి కదలికను అణచే సిలిండర్, ఆ స్ప్రింగ్ ఊగకుండా పట్టి ఉంచుతుంది. బ్యాంకుల తలుపులకు బిగించే డోర్ క్లోజర్‌లో తలుపును స్ప్రింగ్ లాగుతుంటే నూనె దాని వేగాన్ని తగ్గించినట్టే ఇదీ పనిచేస్తుంది. అణిగేటప్పటి నిరోధాన్ని కంప్రెషన్ డ్యాంపింగ్ అనీ, తిరిగి లేచేటప్పటి నిరోధాన్ని రీబౌండ్ డ్యాంపింగ్ అనీ అంటారు. వేగంగా కదిలే నూనెలో బుడగలు పుడితే నిరోధం ఒక్కసారిగా జారిపోతుంది కాబట్టి, మంచి షాకుల్లో నైట్రోజన్ వాయువును పీడనంతో నింపి నూనెను నొక్కిపెట్టి ఉంచుతారు. వేసవిలో 40 డిగ్రీలు దాటే విజయవాడ, రామగుండం వంటి ఊళ్లలో, ఇంజిన్ వేడికి చేరువలో ఉండే షాక్‌లోని నూనె మరింత పలుచబడుతుంది గనుక, ఆ వాయువు, ఆ సీళ్ల నాణ్యత అక్కడ ఇంకా ముఖ్యమవుతాయి.

పాత స్పోర్ట్ బైకుల్లో చాలావాటికి చక్రానికి రెండు పక్కలా రెండు షాకులు కాక మధ్యలో ఒకటే ఉండటానికి ఒక చరిత్ర ఉంది. బెల్జియం ఇంజినీరు లూసియెన్ టిల్కెన్స్ రూపొందించిన ఒంటి షాక్ ఏర్పాటును యమహా తీసుకుని మోటోక్రాస్ బండ్లకు అమర్చగా, 1973లో హోకన్ ఆండర్సన్ దానితో 250 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచాడు. 1980ల్లో హోండా ప్రోలింక్, కవాసాకి యూనిట్రాక్, సుజుకి ఫుల్ ఫ్లోటర్ వంటి పేర్లతో షాక్‌కూ, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌కూ మధ్య లింకేజ్, అంటే చక్రం కదలికను ఒక నిష్పత్తిలో షాక్‌కు అందించే చిన్న మీటల అమరిక, వ్యాపించింది. 2008లో భారత మార్కెట్‌లోకి వచ్చిన యమహా ఆర్15తో ఈ లింకేజ్ ఒంటి షాక్ 150 సీసీ బండి కొన్న తెలుగు కుర్రాళ్ల చేతికీ అందింది. ఆ తొలి ఆర్15లే ఇప్పుడు పాత బండ్లుగా మారి కొత్త షాకుల కోసం ఎదురుచూస్తున్నాయి.

కొలతల్లో మొదటిది కుంగుదల. బండి తన బరువుకే ఎంత కుంగుతుంది, మనిషి ఎక్కితే ఎంత కుంగుతుంది అన్న ఈ రెండు అంకెలు తెలియడానికి ఒక టేపు, ఇద్దరు సహాయకులు చాలు. ముందుగా వెనక చక్రం గాలిలో వేలాడేలా బండిని ఎత్తాలి. మామూలు ప్యాడాక్ స్టాండ్ స్వింగ్ ఆర్మ్ కిందే ఆనుకుంటుంది కాబట్టి దానిమీద నిలబెట్టిన బండికి షాక్ పూర్తిగా చాచుకోదు. ఫ్రేమ్ ఆధారంగా ఎత్తాలి, లేదా సైడ్ స్టాండ్ మీదికి వంచి ఇద్దరు కలిసి తోకను లేపాలి. అప్పుడు చక్రం ఇరుసు నుంచి నిలువుగా పైనున్న ఒక గుర్తు వరకు ఉన్న దూరం ఉదాహరణకు 520 మిల్లీమీటర్లు అనుకుంటే, నేలమీద దించి నిటారుగా పట్టుకున్నప్పుడు 508, నడిపే మనిషి హెల్మెట్, జాకెట్ సహా కూర్చుని ఫుట్‌పెగ్‌ల మీద కాళ్లు పెట్టినప్పుడు 487 వస్తే, బండి సొంత కుంగుదల 12, మనిషితో కుంగుదల 33 మిల్లీమీటర్లు. రోడ్డు మీద నడిచే స్పోర్ట్ బైకుకు మనిషితో 30 నుంచి 35, బండి సొంతంగా 5 నుంచి 15 మిల్లీమీటర్ల మధ్య ఉంటే సాధారణంగా సరిపోతుంది.

ఈ కొలతను రెండుసార్లు తీసుకోవడం మంచిది. మొదట తోకను కొద్దిగా పైకెత్తి మెల్లగా వదిలి, తర్వాత కిందికి నొక్కి మెల్లగా వదిలి చూస్తే, రెండు అంకెల మధ్య కొంత తేడా వస్తుంది. ఆ తేడా రాపిడికి గుర్తు. అది చాలా ఎక్కువగా ఉంటే తప్పు షాక్‌లో కాక లింకేజ్ బేరింగుల్లో ఉండవచ్చు. ఏళ్లుగా గ్రీజు చూడక, వానాకాలం బురద నీళ్లు తాగి, తుప్పుపట్టిన నీడిల్ బేరింగుల మీద ఎంత ఖరీదైన షాక్ బిగించినా అది తన పని తాను చేయలేదు. అందుకే లింకేజ్ విప్పి, కడిగి, అరిగిన బుష్‌లు మార్చి, గ్రీజు పట్టించాకే షాక్ సంగతి ఆలోచించడం న్యాయం. కొన్ని బండ్లకు ఆ ఒక్క పనితోనే సగం జబ్బు నయమవుతుంది.

రెండు కుంగుదలలనూ పక్కపక్కన పెట్టి చదివితే స్ప్రింగ్ గురించిన నిజం తేలిపోతుంది. ప్రీలోడ్, అంటే స్ప్రింగ్‌ను ముందుగానే కొంత నొక్కి ఉంచే రింగును బిగించడం, స్ప్రింగ్‌ను గట్టిపరుస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది బండి నిలిచే ఎత్తును మారుస్తుందే తప్ప స్ప్రింగ్ గట్టిదనాన్ని మార్చదు. మనిషితో కుంగుదల 33 దగ్గర కుదిరినా, బండి సొంత కుంగుదల సున్నాకు చేరిందంటే, మెత్తని స్ప్రింగ్‌ను ప్రీలోడ్‌తో బలవంతాన నిలబెట్టారని అర్థం. అటువంటి బండి పెద్ద గతుకుకు అడుగంటుతుంది, చిన్న గతుకుకు పైకి తన్నుతుంది. అదే సొంత కుంగుదల 20 దాటితే స్ప్రింగ్ ఆ మనిషికి మరీ గట్టిది. ఒంటరిగా నడిపే బండిమీద అప్పుడప్పుడు వెనక మరొకరు కూర్చుంటే ప్రీలోడ్ పెంచడం దాని సరైన వాడకమే. ఎప్పుడూ ఇద్దరు తిరిగే బండికి మాత్రం గట్టి స్ప్రింగే మార్గం.

స్ప్రింగ్ గట్టిదనాన్ని ఒక మిల్లీమీటరు నొక్కడానికి కావలసిన బలంగా, న్యూటన్లలో చెబుతారు. కిలోల్లో చెప్పినప్పుడు దాన్ని 9.81తో గుణించాలి. ఈ గట్టిదనం తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది కాబట్టి, మందం 5 శాతం పెరిగితేనే గట్టిదనం ఐదో వంతుకు పైగా పెరుగుతుంది; కంటికి ఒకేలా కనిపించే రెండు స్ప్రింగులు నడకలో పూర్తిగా వేరయ్యేది ఇందుకే. పైగా లింకేజ్ నిష్పత్తి వర్గంగా లెక్కకు వస్తుంది: చక్రం 2 మిల్లీమీటర్లు కదిలితే షాక్ 1 మిల్లీమీటరు కదిలే బండిలో, చక్రం దగ్గర తెలిసే గట్టిదనం స్ప్రింగ్ గట్టిదనంలో నాలుగో వంతే. వేరే బండి స్ప్రింగ్ మీది అంకెను చూసి ఈ బండికి కొనడం అందువల్ల ప్రమాదకరం.

పొడవు విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. పై నిష్పత్తి ఉన్న బండికి అసలు షాక్ కంటే 5 మిల్లీమీటర్లు పొడవైనది బిగిస్తే వెనక భాగం దాదాపు 10 మిల్లీమీటర్లు లేస్తుంది. ఇరుసుల మధ్య దూరం 1290 మిల్లీమీటర్లే ఉన్న తొలి ఆర్15 వంటి చిన్న బండిలో తోక అంత లేచినా ముందు ఫోర్క్ వాలు సుమారు 0.4 డిగ్రీలు నిటారవుతుంది. అప్పుడు బండి మలుపులోకి చురుగ్గా దిగుతుంది గానీ, వేగంలో నిలకడ కొంత తగ్గుతుంది. కొందరికి ఆ చురుకుదనమే కావలసి ఉండవచ్చు; అది తెలిసి ఎంచుకున్నదై ఉండాలి, కొలవకుండా కొన్నందువల్ల వచ్చి పడినదై ఉండకూడదు.

ఇన్ని అంకెలు చేతికొచ్చాక మూడు దారులు కనిపిస్తాయి. మొదటిది పాత షాక్‌నే విప్పి నూనె, సీళ్లు, గ్యాస్ మార్పించడం. విప్పగలిగే షాక్‌కు ఇది చవకైన, గౌరవప్రదమైన దారి. కంపెనీ షాకుల్లో చాలావాటిని విప్పే వీలు లేకుండా మూసేస్తారు కాబట్టి అన్నిటికీ ఇది కుదరదు. రెండోది కొత్త, పెద్ద బండి నుంచి తీసిన వాడిన షాక్. ఇది ఆకర్షణీయంగా ఉంటుంది గానీ, కంటి నుంచి కంటికి, అంటే రెండు చివర్ల బోల్టు రంధ్రాల మధ్య పొడవు, బుష్ వెడల్పు, బోల్టు మందం, పక్కనుండే రిజర్వాయర్ డబ్బాకు ఫ్రేమ్‌లో చోటు, ఇవన్నీ కుదరాలి. కుదిరినా దాని స్ప్రింగ్, డ్యాంపింగ్ వేరొక బరువుకూ వేరొక లింకేజ్‌కూ లెక్కకట్టినవి. ఒకే పేరున్న బండ్లలోనూ భాగాలు మారుతాయి: 2011లో వచ్చిన రెండో ఆర్15కు స్వింగ్ ఆర్మ్, వెనక టైరు వెడల్పు రెండూ మారిపోయాయి.

మూడోది నడిపే మనిషి బరువు చెప్పి, ఆ బండికే తయారైన కొత్త షాక్ తెప్పించుకోవడం. 1976లో స్వీడన్‌లో కెంట్ ఓలిన్ స్థాపించిన ఓలిన్స్ వంటి ఖరీదైన పేరు నుంచి థాయిలాండ్‌కు చెందిన వైఎస్ఎస్ వంటి అందుబాటు పేరు వరకు ఈ వరుసలో చాలా ఉన్నాయి. తిప్పడానికి ఎన్ని మీటలుంటే అంత మంచిదన్న నమ్మకం సరికాదు. రోడ్డు మీద తిరిగే మనిషికి సరైన స్ప్రింగ్, నమ్మకమైన రీబౌండ్ సర్దుబాటు, వీలైతే పొడవు సర్దుబాటు ఉంటే చాలు. కంప్రెషన్‌ను వేర్వేరు వేగాలకు విడివిడిగా సర్దే ఏర్పాటు ట్రాక్ మీద నిపుణుడి చేతిలో విలువైనదే. దాన్ని అర్థం చేసుకోకుండా తిప్పితే మంచి షాక్ కూడా చెడ్డగా నడుస్తుంది.

అటువంటి అదనపు సర్దుబాట్లున్న షాక్‌కూ మామూలుదానికీ మధ్య ధరలో తేడాను ఆదా చేసి, రెండు పనులకు పెట్టడం తెలివైన ఖర్చు: ఒకటి, వెనకతో సమానంగా ముసలిదైన ముందు ఫోర్క్ నూనె, స్ప్రింగులను సరిచేయడం, రెండు, కొన్ని ఏళ్లకు కొత్త షాక్ నూనె మార్పించడం. షాక్ అరిగే వస్తువు. ఎంత గొప్ప పేరున్నదైనా, విప్పి బాగుచేసే మనిషి అందుబాటులో లేకపోతే, విడి సీళ్లు దొరక్కపోతే, అది కొన్నాళ్లకు ఇప్పుడు తీసేస్తున్న షాక్ లాగే తయారవుతుంది. కాబట్టి పాత బండిని ఇంకో పదేళ్లు నడపదలచిన మనిషి దుకాణదారుణ్ణి అడగవలసినవి మూడు ప్రశ్నలు: ఈ స్ప్రింగ్ ఎంత బరువుకు, ఈ పొడవు అసలుదానితో ఎంత తేడా, దీన్ని ఎక్కడ విప్పుతారు. మూడింటికీ స్పష్టమైన జవాబు వచ్చిన షాక్ చవకదైనా కొనదగినది. ఏ ఒక్కదానికి జవాబు రాకపోయినా, ఎంత మెరిసే బంగారు రంగు సిలిండరైనా వదులుకోదగినదే.