రికార్డు పాటకు అవ్వ ఎందుకు?

ఆగస్టు 9 వస్తోందంటే మన సుగాలి ఆటకు పిలుపులు మొదలవుతాయి. 1982లో ఐక్యరాజ్యసమితిలో ఆదివాసీల సమస్యలపై కార్యవర్గం తొలిసారి సమావేశమైన రోజది. 1994లో దాన్ని ప్రపంచ ఆదివాసీ దినంగా ప్రకటించారు. హక్కుల మాటతో పుట్టిన ఆ రోజు మన దగ్గర చాలాచోట్ల ఆటల పోటీగా మిగిలింది.

తాడేపల్లి వంటి పట్నాల్లో వేదిక మీద కనిపించేది ఒకటే పద్ధతి. ఒకే ఈడు ఆడపిల్లలు, అద్దెకు తెచ్చిన అద్దాల లంగాలు, స్పీకరులో రికార్డు పాట, ఐదు నిమిషాలు. పెద్దవాళ్లు శాలువా కప్పించుకొని కింద కుర్చీల్లో ఉంటారు. పిల్లలు కష్టపడి నేర్చుకున్నారు, వాళ్లను అనడానికి లేదు. లోపం మనం ఏర్పాటు చేసిన తీరులో ఉంది.

తాండాలో తీజ్ చూడండి. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు. మొలక పెంచేది పిల్లలు, పాట ఎత్తేది పెద్దవాళ్లు. ఎత్తినామె ఊపిరి తీసుకునేలోగా పక్కవాళ్లు అందుకోవాలి. అందుకోవాలంటే మాట తెలియాలి. మాట తెలియాలంటే అవ్వ పక్కన నిలబడాలి. అరకు వైపు ధింసాలోనూ అంతే. నడుము వెనక చేతులు పెనవేసుకొని వరసగా కదిలే ఆటలో ఒక్కరే ముందుకు ఉరకలేరు. పడుచు కాలు పెద్ద కాలు కోసం ఆగాలి, పెద్ద కాలు పడుచు కాలును అందుకోవాలి.

మన గోర్ బోలికి సొంత లిపి లేదు. బడిలో చదువు తెలుగులోనో ఇంగ్లీషులోనో సాగుతుంది. భాష పిల్లలకు అందే దారుల్లో పాట పెద్దది. రికార్డు పాట వచ్చాక ఆటకు అవ్వతో పని లేకుండా పోయింది. పిల్లలు అర్థం తెలియని పాటకు అడుగు కలుపుతున్నారు. నా అభ్యంతరమంతా ఇక్కడే.

ముసలివాళ్లు వేదిక మీద ఆడలేరు కదా అంటారు. ఆడనక్కర్లేదు. నడుమ కూర్చుని పాడితే చాలు, పిల్లలు చుట్టూ తిరుగుతారు.

ఉపాధ్యాయులు ఈసారి పది రోజుల ముందే ఒక అవ్వను బడికి పిలవండి. ఆమె పాడిన పాటను పిల్లలు తెలుగు అక్షరాల్లో రాసుకోవాలి, ప్రతి మాటకూ అర్థం ఆమెనే అడగాలి. పోటీ పెడితే దుస్తులకు కాక ఆ పాట తెలిసినందుకు మార్కులు వేయండి. యువకులారా, అవ్వ పాటను సెల్లులో దాచుకోండి, మంచిదే. ఆట నాడు మాత్రం సెల్లు పక్కన పెట్టి ఆమె చేత పాడించండి.